ఊపిరితిత్తులలో నెత్తురు పేరుకుంటే

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా షాద్‌నగర్‌లో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనకు పండుగరోజు. పింఛను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చే భిక్ష కాదని, ఉద్యోగి చేసిన సేవకు దక్కే హక్కు అని నకారా కేసులో సుప్రీం కోర్టు 1982 డిసెంబరు 17న తీర్పు చెప్పింది. అందుకే ఏటా ఈ తేదీన మనం ఇట్లా కూడుకుంటున్నాం. డి.ఏ. గురించి, బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. పింఛను హక్కును అనుభవించాలంటే ముందు మనిషి బతికి ఉండాలి కదా! ఏటా ట్రెజరీకి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేది అందుకే. కావున ఆ బతికి ఉండడం గురించి రెండు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు.

నేను డాక్టరును కాను. ఈ సంగతి ముందే మనవి చేస్తున్నాను. 1980లో ల్యాబ్ టెక్నీషియన్‌గా వైద్య ఆరోగ్య శాఖలో చేరి 2014లో పదవీ విరమణ చేశాను. నా సర్వీసంతా ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా ఆసుపత్రులలోనే గడిచింది. 34 సంవత్సరాలు జనం చేతికి రబ్బరు కట్టి, సూది గుచ్చి, నెత్తురు తీసి పరీక్షలు చేసినవాణ్ణి. నెత్తురుతో నాకు ఉన్న పరిచయం అంతే. ఆ పరిచయం ఉండి కూడా నా సొంత ఇంటిలో ఒక సంగతి గుర్తుపట్టలేకపోయాను. అది చెప్పడానికే ఈ అవకాశం తీసుకున్నాను.

నెత్తురు పేరుకోవడం అంటే ఏమిటి?

మన వైపు గడ్డ అంటే సెగగడ్డ అనుకుంటారు, కొందరు క్యాన్సర్ గడ్డ అనుకుంటారు. నేను చెప్పే గడ్డ అది కాదు. పాలు తోడుకొని పెరుగైనట్లు, నెత్తురు తోడుకొని ముద్ద కావడం. మా ల్యాబులో రెండు రకాల సీసాలు ఉండేవి. ఏ మందూ వేయని సీసాలో నెత్తురు పోసి పెడితే పది నిమిషాలు తిరగకుండానే గట్టిపడి, సీసా వంచినా కారేది కాదు. మందు వేసిన సీసాలో ఎంతసేపు ఉంచినా నీళ్ళలాగానే ఉండేది. నెత్తురుకు ఈ గుణం లేకపోతే మనం బతకలేము. కొడవలి తెగితే, ప్రసవం జరిగితే, పన్ను పీకితే, కారే నెత్తురు తనంతట తాను ఆగేది ఈ గుణం వల్లనే.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, బయట గాయం దగ్గర జరగవలసిన పని లోపల పారే నాళంలో జరిగినప్పుడు. అట్లా ఎందుకు జరుగుతుందో రుడాల్ఫ్ విర్కో అనే జర్మనీ వైద్యుడు 1856 ప్రాంతంలోనే ఆలోచించాడు. ఆయన పేరు మీద ఇప్పటికీ వైద్య విద్యార్థులకు మూడు కారణాలు నేర్పుతారు. మనకు తెలిసిన పంట కాలువతో పోల్చి చెబుతాను. ఒకటి, కాలువలో పారుదల మందగిస్తే ఒండ్రు పేరుకుంటుంది. రెండు, కాలువ గట్టు, అడుగు చెదిరితే అక్కడ చెత్త తట్టుకుంటుంది. మూడు, నీళ్ళే బురదబురదగా చిక్కబడితే ఎక్కడైనా పేరుకుంటాయి. నెత్తురుకూ ఇంతే. పారుదల మందగించడం, నాళం లోపలి పొర దెబ్బతినడం, నెత్తురుకు గడ్డకట్టే గుణం పెరగడం. ఈ మూడింటిలో ఒకటి ఉన్నా ప్రమాదమే. మూడూ ఒక్కసారే కూడితే ఏమవుతుందో 2020లో ప్రపంచమంతా చూసింది.

ఊపిరితిత్తులకే ఎందుకు?

మన ఊపిరితిత్తులలో 30 కోట్లకు పైగా చిన్న చిన్న గాలి సంచులు ఉంటాయి. ఒక్కొక్క సంచి చుట్టూ వెంట్రుకకంటే సన్నని రక్తనాళాలు వలలాగా అల్లుకొని ఉంటాయి. సంచిలోని గాలి నుండి ఆక్సిజన్ ఆ వలలోని నెత్తురులోకి పోతుంది. శరీరంలోని నెత్తురంతా, అనగా నిమిషానికి సుమారు 5 లీటర్లు, ఈ వల గుండా పోవలసిందే. కాళ్ళలో ఎక్కడైనా సిరలో గడ్డ కట్టి, అది ఊడివస్తే, గుండె కుడి భాగం దాటి నేరుగా వచ్చి చిక్కుకునేది ఈ ఊపిరితిత్తులలోనే. జల్లెడలో రాయి చిక్కినట్లు. పెద్ద ముక్క పెద్ద నాళంలో అడ్డం పడితే గుండె ఎంత తోసినా నెత్తురు ముందుకు పోదు. నిమిషాలలో మనిషి కూలిపోవచ్చు.

ఇది ఒక దారి. రెండవ దారి ఉన్నదని మన తరానికి బాగా తెలిసింది కరోనా కాలంలోనే. గడ్డ ఎక్కడినుండో రానక్కరలేదు, ఊపిరితిత్తుల సన్న నాళాలలోనే అక్కడికక్కడ పుట్టవచ్చు.

న్యుమోనియాను మన పెద్దలు నెమ్ము అనేవారు. గాలి సంచులలో నీరు, చీము చేరడం. మందు ఇచ్చి, ఆక్సిజన్ పెడితే సంచులు మెల్లగా శుభ్రపడతాయి. 2020 మొదట్లో కరోనా కూడా ఇట్లాంటి నెమ్మే అనుకున్నారు. కాని కొందరు రోగులలో ఎక్స్‌రేలో కనిపించే నెమ్ముకూ, పడిపోయే ఆక్సిజన్‌కూ పొంతన కుదరలేదు. సంచిలోకి గాలి వస్తున్నది, కాని దాని పక్కనున్న నాళంలో నెత్తురు పారడం లేదు. బస్సు వచ్చి స్టాండులో నిలబడ్డది, ఎక్కే ప్రయాణికులు లేరు. ఇక బస్సు వచ్చి ఏం లాభం?

జర్మనీలోని హాంబర్గ్‌లో కరోనాతో చనిపోయిన మొదటి 12 మందికి శవ పరీక్ష చేశారు. అందులో ఏడుగురి కాళ్ళ సిరలలో గడ్డలు ఉన్నాయి. బతికి ఉన్నప్పుడు ఆ అనుమానమే ఎవరికీ రాలేదు. నలుగురు ఊపిరితిత్తులకు చేరిన గడ్డ వల్లనే నేరుగా చనిపోయారు. నెదర్లాండ్స్ దేశంలో ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్న 184 మందిని లెక్కలోకి తీసుకుంటే 31 శాతం మందిలో గడ్డల వలన చిక్కులు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ఊపిరితిత్తులలోనే. ఇంకొక పరిశోధనలో కరోనాతో చనిపోయిన ఏడుగురి ఊపిరితిత్తులను, ఫ్లూ జ్వరంతో చనిపోయిన ఏడుగురి ఊపిరితిత్తులను పక్కపక్కన పెట్టి సూక్ష్మదర్శినితో చూశారు. సన్న నాళాలలోని చిన్న గడ్డలు కరోనావారిలో ఫ్లూవారికంటే 9 రెట్లు ఎక్కువగా కనిపించాయి. గమనించండి, ఫ్లూవారిలో అసలు లేవని కాదు, తక్కువ అని. కావున ఇది కరోనాతోనే పుట్టి కరోనాతోనే పోయిన సమస్య అని అనుకోవద్దు. ఏ వైరస్ వలనైనా నెమ్ము తీవ్రమై మంచాన పడితే ఈ ప్రమాదం ఉంటుంది.

కారణం విర్కో చెప్పిన మూడే. వైరస్, దానిపై మన శరీరం చేసే యుద్ధం కలిసి నాళం లోపలి నున్నని పొరను గరుకు చేస్తాయి. ఆ యుద్ధంలో పుట్టే రసాయనాలు నెత్తురుకు గడ్డకట్టే గుణాన్ని పెంచుతాయి. రోగి రోజుల తరబడి మంచం మీద కదలకుండా ఉండడం వల్ల కాళ్ళలో పారుదల మందగిస్తుంది. జ్వరంలో నీళ్ళు తాగకపోతే మరీ ఇబ్బంది.

మా పెద్దన్న సంగతి

ఇప్పుడు మా ఇంటి సంగతి చెబుతాను. మా పెద్దన్న బడిపంతులుగా పనిచేసి రిటైరైనవాడు. 2021 నాటికి ఆయనకు 71 ఏళ్ళు. షాద్‌నగర్‌కు దగ్గరలోనే మా సొంత ఊరిలో వదినెతో ఉండేవాడు. ఆ సంవత్సరం ఏప్రిల్ చివరలో, రెండవ విడత కరోనా ఉధృతంగా ఉన్న రోజులలో, ఆయనకు జ్వరం వచ్చింది. వారం తిరిగేసరికి ఆక్సిజన్ 86కు దిగింది. ఆ రోజులు ఎట్లాంటివో మీకు వేరే చెప్పనక్కరలేదు. ఎంతోమంది కాళ్ళావేళ్ళా పడితే హైదరాబాదులో ఒక బెడ్డు దొరికింది. 11 రోజులు ఉన్నాడు. ఆక్సిజన్ పెట్టారు, స్టెరాయిడ్ ఇచ్చారు, రోజూ పొట్ట మీద సూది వేశారు. ఆ సూది ఎందుకో ఆయనకు తెలియదు. నాకు తెలుసు. 95కు వచ్చిన తరువాత ఇంటికి పంపారు.

మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. గండం గడిచిందనుకున్నాం. లాక్‌డౌన్ ఉన్నందున నేను ఊరికి పోలేదు. రోజూ ఫోన్‌లో మాట్లాడేవాణ్ణి. ఇంటికి వచ్చిన అయిదో రోజు అన్న అన్నాడు: "తమ్మీ, ఎడమ పిక్క జర గుంజుతుందిరా. వాపు గూడ ఉన్నట్టు కొడుతుంది."

నేను ఏమన్నానో నాకు ఇప్పటికీ అక్షరం అక్షరం గుర్తున్నది. "ఏం కాదే అన్నా, పండుకొని పండుకొని నరం పట్టింది. వదినెతోటి నూనె రాయించుకొని పిసికించుకో. నువ్వైతే మంచం దిగకు, ఇంకో పదిహేను దినాలు లేవద్దు" అన్నాను.

ఆయన నా మాట విన్నాడు. చిన్నప్పటినుండి నేను ఆయన మాట వినేవాణ్ణి. దవాఖానా సంగతులలో మాత్రం ఆయన నా మాట వినేవాడు. నాలుగో రోజు పొద్దున స్నానాల గదికి పోయి వచ్చి అరుగు మీద కూర్చున్నాడట. "దమ్ము ఆడుత లేదు" అన్నాడట. చెమటలు పట్టాయట. 108కు ఫోన్ చేశారు, బండి వచ్చింది. షాద్‌నగర్ చేరకముందే ప్రాణం పోయింది.

శవ పరీక్ష జరగలేదు. గుండెపోటు అన్నారు. బంధువులు అదే నమ్మారు. కాని పిక్క నొప్పి, ఒక కాలికే వాపు, నాలుగు రోజుల తరువాత అకస్మాత్తుగా ఆయాసం. ఈ మూడు మాటలు ఒక కాగితం మీద రాసి ఏ డాక్టరుకు చూపించినా ముందుగా ఏ అనుమానం వస్తుందో మీకు ఇప్పుడు తెలిసే ఉంటుంది. 34 ఏళ్ళు నెత్తురు పరీక్షలు చేసిన నాకు ఆ రోజు ఫోన్‌లో ఆ అనుమానం రాలేదు. నేను చెప్పిన రెండు సలహాలూ తప్పే. వాచిన పిక్కను పిసకమనడం తప్పు. కదలకుండా పడుకోమనడం తప్పు.

మా వదినె నన్ను ఒక్క మాట అనలేదు. నేనే ఒకరోజు ఆమెకు ఈ విషయమంతా చెప్పాను. చాలాసేపు మౌనంగా ఉండి, "గది నాకెందుకు చెప్తున్నవు, తెలియనోళ్ళకు చెప్పు" అన్నది. అందుకే ఈ వేదిక ఎక్కాను.

మందుల సంగతి

ఆసుపత్రిలో పొట్ట మీద వేసే ఆ సూది పేరు హెపారిన్, లేదా దాని జాతిదే అయిన ఇంకొక మందు. దీనిని 1916లో అమెరికాలో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి కనిపెట్టాడు. కాలేయం నుండి మొదట తీసినందున కాలేయానికి గ్రీకు భాషలో ఉన్న పేరు దానికి వచ్చింది. నూరేళ్ళు దాటినా ఈ మందు ఇంకా నిలిచి ఉన్నది. ఇది ఉన్న గడ్డను కరిగించదు. కొత్తది కట్టకుండా, ఉన్నది పెరగకుండా ఆపుతుంది. కరిగించే పని శరీరమే మెల్లగా చేసుకుంటుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు గడ్డను కరిగించే వేరే మందులు ఉన్నాయి, వాటిని పెద్ద ఆసుపత్రిలోనే ఇస్తారు.

ఇంత మంచి మందు అయితే అందరికీ ఎక్కువ మోతాదులో ఇస్తే పోదా అని మీకు అనిపించవచ్చు. డాక్టర్లకూ అట్లాగే అనిపించింది. పలు దేశాలలో కలిసి పరీక్షించి 2021 ఆగస్టులో ఫలితాలు ప్రకటించారు. మామూలు వార్డులో ఉన్న 2,219 మందిలో పూర్తి మోతాదు హెపారిన్ మేలు చేసింది. వెంటిలేటరు వంటి ఆసరా అవసరం లేకుండా గట్టెక్కినవారు 76 శాతం నుండి 80 శాతానికి పెరిగారు. కాని అప్పటికే ఇంటెన్సివ్ కేర్‌కు చేరిన 1,098 మందిలో అదే మోతాదు మేలు చేయలేదు, పైగా రక్తస్రావాలు కొంత ఎక్కువైనాయి. ఒకే జబ్బు, ఒకే మందు, కాని ఇచ్చే సమయం మారితే ఫలితం మారింది. ఆస్పిరిన్ సంగతీ చూశారు. బ్రిటన్‌లో సుమారు 15,000 మంది కరోనా రోగులపై పరీక్షిస్తే మరణాలు తగ్గలేదు.

నేను ఈ అంకెలు ఎందుకు చెబుతున్నానంటే, మనలో చాలామందికి ఒక అలవాటు ఉన్నది. పక్కింటాయనకు డాక్టరు రాసిన "రక్తం పలచబడే మాత్ర" మనమూ మెడికల్ షాపులో కొనుక్కొని వేసుకుంటాం. 2021లో జలుబు చేసినవారు కూడా ముందు జాగ్రత్త అని వేసుకున్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. గడ్డకట్టే గుణాన్ని తగ్గించే ఏ మందైనా నెత్తురు కారే ప్రమాదాన్ని పెంచుతుంది. కడుపులో పుండు ఉన్నవారికి, బి.పి. అదుపులో లేనివారికి, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మరీ ప్రమాదం. ఇక డాక్టరు రాసిన మాత్రను "ఇప్పుడు బాగానే ఉన్నాను కదా" అని సొంతంగా ఆపేయడం దీనికి సరిసమానమైన తప్పు. ఈ మాత్రలు వాడేవారు మోకాళ్ళ నొప్పులకు షాపు మాత్రలు కలిపి వేసుకోకూడదు, రెండూ కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు. మనలో మోకాళ్ళ నొప్పులు లేనివారు ఎవరు? కనుక ఈ మాట బాగా గుర్తుంచుకోండి.

పరీక్షల సంగతి

డి-డైమర్ అనే నెత్తురు పరీక్ష పేరు కరోనా కాలంలో కూరగాయల అంగడి దాకా చేరింది. శరీరంలో ఎక్కడైనా గడ్డ కట్టి కరుగుతుంటే దాని తునకలు నెత్తురులో తేలుతాయి. ఆ తునకల కొలత ఇది. తక్కువగా ఉంటే, లక్షణాలు కూడా పెద్దగా లేకపోతే, గడ్డ లేదని చాలావరకు ధైర్యం చెప్పుకోవచ్చు. ఎక్కువగా ఉన్నంత మాత్రాన గడ్డ ఉన్నదని కాదు. జ్వరం, ఆపరేషన్, క్యాన్సర్, చివరకు వయసు కూడా దానిని పెంచుతాయి. సాధారణంగా 500 దాటితే ఎక్కువ అంటారు. 50 ఏళ్ళు దాటినవారికి వయసును 10తో హెచ్చించి చూసే పద్ధతి ఉన్నది. అంటే 72 ఏళ్ళ మనిషికి 720. ల్యాబును బట్టి కొలమానాలు మారుతాయి కాబట్టి రిపోర్టు చూసి మీకు మీరే బెంబేలు పడవద్దు. గడ్డను నిర్ధారించేది కాలికైతే డాప్లర్ స్కాన్, ఊపిరితిత్తులకైతే చేతి సిరలో రంగు మందు ఎక్కించి తీసే సి.టి. స్కాన్.

ఇంటిలో మనం చూసుకోదగినది వేలికి తగిలించే ఆక్సీమీటరు. దాని మూలసూత్రాన్ని 1974లో జపాన్ ఇంజనీరు టకువో అయొయాగి కనిపెట్టాడు. ప్రపంచమంతా ఆ పరికరం కోసం వెతుకుతున్న 2020 ఏప్రిల్‌లోనే ఆయన కన్నుమూశాడు. చేతులు వెచ్చగా ఉంచి, గోళ్ళకు రంగు లేకుండా, కదలకుండా ఒక నిమిషం కూర్చొని చూడండి. మామూలుగా 96, 97 ఉండేవారికి 94 కంటే తగ్గితే డాక్టరుకు చెప్పాలి. ఆయాసం ఉంటే అంకె బాగున్నా నమ్మవద్దు. మనిషి చెప్పేదానికంటే మిషన్ చెప్పేది ఎక్కువ కాదు.

మనం గుర్తుంచుకోవలసినవి

మిత్రులారా, ఇక ముఖ్యమైన మాటలు. ఇంటి ఆడవారు, పిల్లలు కూడా వినాలి. ఎందుకంటే జబ్బుపడ్డవాడు తన సంగతి తాను చెప్పుకోడు.

ఒకటి. రెండు కాళ్ళూ వాచడం వేరు, ఒక కాలే వాచడం వేరు. ఒక పిక్క గాని, ఒక తొడ గాని వాచి, నొప్పిగా, వెచ్చగా ఉంటే అదే రోజు డాక్టరుకు చూపించాలి. నూనె రాసి మర్దన చేయకూడదు. వేడి కాపడం పెట్టి ఊరుకోకూడదు.

రెండు. అకస్మాత్తుగా ఆయాసం, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పొడిచినట్లు నొప్పి, గుండె దడ, కళ్ళు తిరిగి పడిపోవడం, దగ్గులో నెత్తురు. వీటిలో ఏది వచ్చినా తెల్లవారేదాకా చూద్దామనుకోవద్దు. 108కు ఫోన్ చేయండి. 2005లో మొదలైన ఈ సేవ మన చేతిలో ఉన్నది, వాడుకుందాం.

మూడు. ఆసుపత్రి నుండి ఇంటికి వస్తే జబ్బు అయిపోయినట్లు కాదు. స్వీడన్‌లో పది లక్షలకు పైగా కరోనా రోగుల వివరాలు చూస్తే కాళ్ళ గడ్డల ప్రమాదం మూడు నెలల వరకు, ఊపిరితిత్తుల గడ్డల ప్రమాదం ఆరు నెలల వరకు ఎక్కువగానే ఉన్నదని 2022లో తేలింది. మొదటి వారాలు మరీ ముఖ్యం.

నాలుగు. డాక్టరు వద్దంటే తప్ప, లేవగలిగినవారు లేచి నాలుగు అడుగులు నడవాలి. లేవలేనివారు మంచం మీదనే పాదాలను కుట్టుమిషన్ తొక్కినట్లు గంటగంటకు ఆడించాలి. గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు వలన నీళ్ళకు లెక్క ఉన్నవారు తప్ప మిగిలినవారు నీళ్ళు బాగా తాగాలి. ఇది ఆసుపత్రికి మాత్రమే కాదు. తిరుపతికి రాత్రంతా బస్సులో పోయేటప్పుడు, అమెరికాలో పిల్లల దగ్గరికి విమానంలో పోయేటప్పుడు, మోకాలి చిప్ప మార్పిడి తరువాత కూడా ఇదే జాగ్రత్త.

అయిదు. ఇంతకుముందు ఎప్పుడైనా కాలిలో గడ్డ కట్టినా, క్యాన్సర్‌కు మందు వాడుతున్నా, ఈ మధ్య ఆపరేషన్ అయినా, ఆసుపత్రిలో చేరిన మొదటి గంటలోనే డాక్టరుకు చెప్పండి. ఇంటికి పంపే రోజు ఒక్క ప్రశ్న అడగండి: "నెత్తురు గడ్డకట్టకుండా మందు ఇంటి దగ్గర వాడాలా, వద్దా? వాడితే ఎన్ని రోజులు?" జవాబును కాగితం మీద రాయించుకోండి.

ఆరు. జబ్బు తీవ్రం కాకుండా చూసుకోవడమే అన్నిటికంటే మేలు. ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా తీసుకోవడం గురించి మీ డాక్టరును అడగండి. కరోనా టీకా వలన గడ్డలు వస్తాయట గదా అని చాలామంది నన్ను అడుగుతుంటారు. మనం కోవిషీల్డ్ పేరుతో తీసుకున్న టీకా వలన బహు అరుదుగా, లక్షల మందిలో కొద్దిమందికి, ప్లేట్‌లెట్లు తగ్గి గడ్డలు కట్టిన మాట నిజమే. 2021 ఏప్రిల్‌లోనే యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ ఆ సంగతి ఒప్పుకున్నది. అది టీకా తీసుకున్న తొలి వారాలలో వచ్చే చిక్కు. ఏళ్ళు గడిచిన తరువాత దానికి ఇప్పుడు భయపడవలసిన పని లేదు. ఆ జబ్బు వలన గడ్డలు వచ్చినవారి సంఖ్యతో పోలిస్తే ఇది ఎంతో తక్కువ.

ఒక విన్నపం

చివరగా ఇంకొక సంగతి చెప్పి ముగిస్తాను. రెండు చలికాలాల క్రితం మన సభ్యులు ఒకరి భార్యకు నెమ్ము చేసి ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉండి వచ్చారు. కరోనా కాదు, ఫ్లూ అన్నారు. ఇంటికి వచ్చిన వారానికి ఆయన నాకు ఫోన్ చేసి, "సార్, మా ఆమెకు కుడికాలు బరువెక్కిందంటున్నది, నూనె రాయమంటారా?" అని అడిగాడు. ఆ నూనె మాట వినగానే నా ఒళ్ళు జలదరించింది. "రాయొద్దు, ఇప్పుడే బయలుదేరండి" అన్నాను. రాత్రి తొమ్మిది అయింది. ఆయన వాదించకుండా బయలుదేరాడు. డాప్లర్ తీస్తే తొడలో గడ్డ ఉన్నది. సూదులు వేశారు, ఆరు నెలలు మాత్రలు వాడారు. ఆమె ఈ రోజు ఈ సభలో కూర్చొని ఉన్నారు. పేరు చెప్పవద్దన్నారు, చెప్పను.

మా అన్నకు చెప్పలేని మాట ఆమెకు చెప్పగలిగాను. అన్న తిరిగి రాడు. కాని ఆ ఒక్క ఫోన్ సరైన చోటికి వచ్చింది.

కావున మన సంఘానికి నా విన్నపం ఇది. సభ్యులలో గాని, వారి భార్యాభర్తలలో గాని ఎవరైనా ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చారని తెలిస్తే, ఆ వార్డులో ఉండే సభ్యుడు ఒకరు నెల రోజులపాటు రెండు రోజులకు ఒకసారి ఫోన్ చేయాలి. పండ్లు తీసుకొని పోయి పరామర్శించడం మంచిదే, కాని మూడు ప్రశ్నలు అడగడం అంతకంటే మంచిది. కాలు వాచిందా? ఆయాసం వస్తున్నదా? మందు ఆపలేదు కదా? దీనికి నిధులు అక్కరలేదు, జి.ఓ. అక్కరలేదు, ట్రెజరీ అనుమతి అక్కరలేదు. సర్వీసులో ఉన్నన్నాళ్ళు ఎన్నో ఫైళ్ళకు జవాబులు రాశాం. ఇప్పుడు మన తోటివారికి మూడు ప్రశ్నలు వేయలేమా?

కార్యవర్గం ఒప్పుకుంటే ఫోన్ చేసేవారి జాబితాలో మొదటి పేరుగా నా పేరు రాసుకోవలసిందిగా కోరుతున్నాను.